‘మనం’ అన్నారా, ‘మేము’ అన్నారా?

ప్రశ్న

నమస్కారం అమ్మా. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 12 ఏళ్ళుగా అమెరికాలో, ఓక్లహోమా సిటీ శివార్లలో ఉంటున్నాం. మా అబ్బాయికి 14 ఏళ్ళు. పోయిన నెల బడిలో పిల్లలందరినీ 1995 బాంబు పేలుడు స్మారకం చూపించడానికి తీసుకెళ్ళారు. తిరిగి వచ్చాక టీచరుగారు ఒక ఇంటిపని ఇచ్చారు. దేశంలో ఇలాంటి ఘోరం జరిగింది, ఆ సాయంత్రం నువ్వే అధ్యక్షుడివి, టీవీలో ప్రజలతో మూడు నిమిషాలు మాట్లాడాలి, ఏం మాట్లాడతావో రాసుకు రమ్మన్నారు.

వాడు ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసి పుస్తకం మూసేశాడు. ‘వాళ్ళను వెతికి పట్టుకుంటాం, అంతం చేస్తాం’ అని దాని అర్థం. ఇంకా రాయరా అంటే, ‘ఇంకేం ఉంటుందమ్మా, మిగతాదంతా నటనే కదా’ అన్నాడు. మావారు వాడినే సమర్థించారు. నాయకుల కన్నీళ్ళన్నీ కెమెరాల కోసమేనని ఆయన నమ్మకం. పైగా మా వాడు ఇంకో మాట అడిగాడు: ‘తెల్లవాడు చేస్తే ఉన్మాది అంటారు, మన రంగువాడు చేస్తే ఉగ్రవాది అంటారు. అలాంటప్పుడు వీళ్ళ మాటలు వినడం ఎందుకు?’ నాకు జవాబు తోచలేదు. ఆ ఒక్క వాక్యం మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది. కానీ అందులో తప్పేమిటో చెప్పలేకపోతున్నాను. మీరైనా చెప్పండి.

— ఒక తల్లి, ఓక్లహోమా

సమాధానం

అమ్మా, మీ అబ్బాయి రాసిన వాక్యంలో తప్పేమీ లేదని ముందు వాడికి చెప్పండి. అది చెప్పకపోతే తర్వాత మీరు చెప్పేది వాడి చెవికెక్కదు. 1995 ఏప్రిల్ 19న అధ్యక్షుడు బిల్ క్లింటన్ మైకు ముందుకు వచ్చి అన్నది కూడా కొంచెం అటూ ఇటూగా అదే. ఈ పని చేసినవాళ్ళను కనిపెడతాం, శిక్ష త్వరగా పడుతుంది, తప్పకుండా పడుతుంది, కఠినంగా పడుతుంది, వాళ్ళు హంతకులు, వాళ్ళను హంతకుల్లాగే చూస్తాం అన్నారు. ఆ ఉదయం 9 గంటల 2 నిమిషాలకు తొమ్మిది అంతస్తుల ప్రభుత్వ భవనం ముందు ఎరువు మందుతో నింపిన లారీ పేలింది. 168 మంది చనిపోయారు. అందులో 19 మంది పిల్లలు. రెండో అంతస్తులో ఉద్యోగుల బిడ్డల కోసం నడిపే శిశు సంరక్షణ కేంద్రం ఉండేది. పొద్దున్నే బిడ్డను అక్కడ దింపి తన బల్ల దగ్గరికి వెళ్ళిన తల్లిని ఊహించుకుంటే, కోపం లేని మాట ఏదైనా అబద్ధంలాగే వినిపిస్తుంది. నాయకుడికి కోపం రావాలి. ఆ కోపం జనానికి కనబడాలి కూడా. కాబట్టి మీ వాడి కోపాన్ని దిద్దవద్దు.

మీకు గుచ్చుకుంటున్నది కోపం కాదమ్మా. ‘వాళ్ళను’ అన్న మాట. ఆ సాయంత్రానికి ‘వాళ్ళు’ ఎవరో ఎవరికీ తెలియదు. తెలియని ఖాళీలో ఎవరి ముఖం వచ్చి కూర్చుంటుందన్నదే మీ భయం. అది ఉత్త భయం కాదు, మీరుంటున్న ఊళ్ళోనే జరిగింది.

పేలుడు జరిగిన కొద్ది గంటల్లోనే టీవీల్లో నిపుణులు పశ్చిమాసియా వైపు వేలు చూపించారు. జోర్డాన్‌కు బయలుదేరిన ఓక్లహోమా నివాసి ఒకరిని లండన్ విమానాశ్రయంలో ఆపి, వెనక్కి అమెరికా పంపారు. అతను చేసిన నేరమల్లా అరబ్బు పేరు పెట్టుకుని ఆ రోజు ప్రయాణం చేయడమే. ఇరాక్ నుంచి శరణార్థిగా వచ్చి అదే నగరంలో తలదాచుకున్న ఒక గర్భవతి ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. ఆమె కడుపులో బిడ్డ దక్కలేదు. స్మారకంలో కనిపించే లెక్కలో ఆ బిడ్డ లేదు. నా లెక్కలో మాత్రం ఉంది.

ఈ సందడంతా జరుగుతున్నప్పుడు అసలు మనిషి ఎక్కడున్నాడో మీ వాడికి చెప్పండి, వాడు తప్పకుండా కళ్ళు పెద్దవి చేసుకుని వింటాడు. పేలుడు జరిగిన గంటన్నర లోపే రహదారి మీద ఒక పోలీసు, నంబరు ప్లేటు లేని పసుపుపచ్చ కారును ఆపాడు. నడుపుతున్నవాడి జాకెట్ కింద తుపాకీ దొరికింది. తీసుకెళ్ళి లాకప్పులో వేశాడు. అతను టిమొతీ మెక్‌వే. న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టినవాడు, గల్ఫ్ యుద్ధంలో పోరాడి పతకం అందుకున్న అమెరికన్ సైనికుడు. 1993లో సరిగ్గా అదే తేదీన టెక్సాస్‌లోని వేకో దగ్గర ప్రభుత్వ ముట్టడిలో జనం చనిపోయినందుకు ప్రతీకారం అనుకున్నాడు. ఓక్లహోమా బాంబు అతనిదేనని తేలేసరికి రెండు రోజులు పట్టింది. రెండు రోజుల పాటు దేశమంతా ‘వాళ్ళ’ కోసం వెతికింది. అతను మాత్రం నంబరు ప్లేటు, తుపాకీ కేసుల్లో, ఇంకో జిల్లా జైల్లో కూర్చుని ఉన్నాడు.

ఇప్పుడు క్లింటన్ సంగతి. ఆయన్ను మోయడానికి ఇది రాయడం లేదు, ఆయన మీద నాకున్న కోపం ముందు ముందు చెబుతాను. కానీ ఆ రెండు రోజుల్లో ఆయన ఒక పని బాగా చేశారు. టీవీలు చూపించిన వేలు వెంట తన వేలు పెట్టలేదు. ఎవరి మీదా ఒక జాతి ముద్ర వేసి చూడవద్దని, ముందు చేసినవాళ్ళెవరో తేల్చాలని మరునాడు ప్రజలకు చెప్పారు. కఠినమైన మాట అన్నారు, కానీ ఆ మాటకు ఎవరి పేరూ తగిలించకుండా ఆగారు. ఆగడం కూడా మాట్లాడటమేనమ్మా. అధ్యక్షుడు ఆ రోజు ఒక్క దేశం పేరు పలికి ఉంటే, ఆ శరణార్థి ఇంటి మీద పడిన రాళ్ళు ఎన్ని ఇళ్ళ మీద పడేవో ఆలోచించండి.

మీ వాడి వాక్యం దగ్గరికి వద్దాం. వాడు ఇంగ్లీషులో రాశాడన్నారు కదా. అయితే ఒక చిన్న పని చేయించండి, ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పమనండి. ‘పట్టుకుంటాం’ అంటే సరిపోదు, కర్తను కూడా పైకి చెప్పమనండి. అక్కడ వాడు ఆగిపోతాడు చూడండి. ‘మనం పట్టుకుంటాం’ అనాలా, ‘మేము పట్టుకుంటాం’ అనాలా? ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట, ఎవరు లోపలున్నారో ఎవరు బయటున్నారో చెప్పకుండా దాటవేయవచ్చు. తెలుగులో దాటవేయడం కుదరదు. ‘మేము’ అంటే వింటున్నవాడు బయట. ‘మనం’ అంటే వింటున్నవాడూ లోపలే. మన ఇంట్లో చిన్న పిల్లలు కూడా పొరపాటు పడరు. ‘మేము గుడికి వెళ్తున్నాం’ అని అమ్మ పక్కింటావిడతో అంటే ఊరుకుంటారు, తమతోనే అంటే ఏడుపు లంకించుకుంటారు. తమను వదిలి వెళ్తున్నారని ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

దేశంలో పుట్టినవాడే దేశం మీద దాడి చేసినప్పుడు నాయకుడి మాటలో నేను వెతికేది అదే. బయటి శత్రువు వస్తే ‘మనం’ అనడానికి పెద్ద కష్టం లేదు, సరిహద్దు గీతే ఆ పని చేసిపెడుతుంది. చంపినవాడు మనలోవాడే అయినప్పుడు కొత్త గీత గీయాలన్న ఆశ పుడుతుంది. ఎవరినో ఒకరిని గీత అవతలికి తోసేస్తే తప్ప మనసు కుదుటపడదు. నాయకుడు ఆ గీత ఎక్కడ గీస్తాడు? చంపినవాడి చుట్టూనా, వాడి పేరును పోలిన పేరున్న ప్రతి ఇంటి చుట్టూనా?

న్యూజిలాండ్ మాజీ ప్రధాని జసిండా ఆర్డెర్న్ పేరు మీ వాడు వినే ఉంటాడు. 2019 మార్చి 15, శుక్రవారం. క్రైస్ట్‌చర్చ్ నగరంలో రెండు మసీదుల్లో ప్రార్థనకు వచ్చినవాళ్ళ మీద ఒక ఆస్ట్రేలియా యువకుడు కాల్పులు జరిపాడు. 51 మంది చనిపోయారు. మన హైదరాబాదు నుంచి బతుకుతెరువు కోసం, చదువు కోసం వెళ్ళిన పిల్లలూ అందులో ఉన్నారు. చనిపోయినవారిలో చాలామంది వలస వచ్చినవాళ్ళు, శరణార్థులు. ఆ రోజు ఆర్డెర్న్ అన్న మాటను తెలుగులోకి తెస్తే ఇలా ఉంటుంది: ‘వాళ్ళంటే మనమే.’ ఎంత పొదుపైన మాట! ‘వాళ్ళకు మేము అండగా ఉంటాం’ అని కూడా అనవచ్చు, మంచి మాటే. కానీ అందులో వాళ్ళు వేరు, మేము వేరు. ఆమె ఆ గోడ కూడా లేకుండా చేసింది. నాలుగు రోజుల తర్వాత పార్లమెంటులో సలాం చెప్పి మాట మొదలుపెట్టింది. హంతకుడి పేరు నా నోట ఎప్పుడూ వినరు, పోయినవాళ్ళ పేర్లు పలకండి అంది. నెల తిరగకుండా సైనిక తరహా తుపాకుల నిషేధానికి పార్లమెంటులో 119 మంది అవునన్నారు, ఒక్కరు కాదన్నారు. మాట వెనక పని వచ్చిందన్నమాట. మీవారికి ఆ అంకె చెప్పండి.

అయితే నేను ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నది నార్వే దగ్గర. ఎందుకంటే అక్కడ మీ వాడి ఈడు పిల్లలు చనిపోయారు.

2011 జూలై 22. మధ్యాహ్నం మూడున్నరకు కొద్దిగా ముందు ఓస్లోలో ప్రధాని కార్యాలయం ఉన్న వీధిలో వ్యానులో పెట్టిన బాంబు పేలింది. ఎనిమిది మంది చనిపోయారు. ఆ పని చేసినవాడు పోలీసు దుస్తుల్లో ఉటోయా అనే చిన్న దీవికి వెళ్ళాడు. అక్కడ అధికార లేబర్ పార్టీ యువజన విభాగం వేసవి శిబిరం జరుగుతోంది. 69 మందిని చంపాడు. అందులో అందరికన్నా చిన్నవాళ్ళకు 14 ఏళ్ళు. అక్కడా మొదటి గంటల్లో ఓక్లహోమా కథే నడిచింది. టీవీల్లో నిపుణులు విదేశీ ముఠాల పేర్లు చెప్పారు, ఓస్లో వీధుల్లో ముస్లింలను తిట్టారు, వెంటపడ్డారు. రాత్రికి తెలిసింది, చంపినవాడు ఓస్లోలోనే పుట్టి పెరిగిన నార్వే తెల్లవాడని.

ప్రధాని జెన్స్ స్టోల్టెన్‌బర్గ్ ఆ మరునాడు అదే శిబిరంలో ప్రసంగించాల్సి ఉంది. దాడి సమయానికి ఆయన ఇంట్లో ఆ ప్రసంగమే తయారు చేసుకుంటున్నారు. తన 15వ ఏటి నుంచి ప్రతి వేసవీ ఆ దీవికి వెళ్ళిన మనిషి. నా చిన్ననాటి స్వర్గం నిన్న నరకమైంది అన్నారు. రెండు రోజుల తర్వాత ఓస్లో ప్రధాన చర్చిలో మాట్లాడుతూ తను బాగా ఎరిగిన ఇద్దరిని పేరు పెట్టి తలచుకున్నారు. వాళ్ళలో ఒకామె 20 ఏళ్ళ పాటు ఆ దీవిని కనిపెట్టుకుని ఉన్న మనిషి, మాలో చాలామందికి ఉటోయా అంటే ఆమే అన్నారు. గొంతు పూడుకుపోయింది. ఆ వీడియో మీవారికి చూపించండి. అది కెమెరా కోసం వచ్చిన కన్నీరేనా అని ఆయన్నే చెప్పమనండి. నాకైతే పిల్లనిచ్చిన ఇంట్లో చావు జరిగితే పెద్దాయన నలుగురి ముందు నిలబడి మాట్లాడటానికి పడే అవస్థ కనిపించింది.

అదే ప్రసంగంలో ఆయన అన్న మాట ప్రపంచమంతా తిరిగింది. మన జవాబు మరింత ప్రజాస్వామ్యం, మరింత బాహాటత్వం, మరింత మానవత్వం. చాలామంది అక్కడితో ఆపేస్తారు, ఆయన ఆపలేదు. అమాయకత్వం మాత్రం ఎన్నటికీ కాదు అన్నారు. ప్రేమ కబుర్లు చెప్పే నాయకుడు చేతులు కట్టుకుని కూర్చుంటాడన్న మీవారి అనుమానానికి ఆ చివరి ముక్క జవాబు. చర్చిలో ఆ మాటలు వినిపించిన మరునాటి సాయంత్రం ఓస్లోలో లక్షన్నర మందికి పైగా జనం చేతుల్లో గులాబీలతో బయటికి వచ్చారు. ఈ రాత్రి వీధులు ప్రేమతో నిండాయని వాళ్ళ యువరాజు హాకోన్ అన్నారు. ఓస్లో జనాభా అప్పటికి ఆరు లక్షలు. మన ఊళ్ళో అయితే ప్రతి నాలుగో మనిషీ గుమ్మం దాటి వచ్చాడన్న లెక్క.

ఇక్కడికి నేను ఆపేస్తే మీ అబ్బాయి ‘చూశావా, నటన’ అంటాడు. అందుకే ఏడాది తర్వాత జరిగింది కూడా చెప్పాలి. నాయకుడిని మొదటి రోజు మాటతో సగమే తూచగలం. రెండో సగానికి ఏడాది ఆగాలి.

నార్వే ప్రభుత్వమే వేసిన విచారణ సంఘం 2012 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. ఎక్కడా మొహమాటపడలేదు. ప్రధాని కార్యాలయం ముందు వీధిని వాహనాలకు మూసేయాలని ఏళ్ళ కిందటే తేల్చారు, మూయలేదు. మూసి ఉంటే బాంబు వ్యాను అక్కడిదాకా వచ్చేదే కాదు. ఇంకొకటి చెబుతాను, ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. బాంబు పేలిన కాసేపటికే దారిన పోతున్న ఒక మనిషి, పోలీసు దుస్తుల్లో తుపాకీ పట్టుకున్నవాడు మామూలు కారెక్కి వెళ్ళడం చూసి అనుమానపడ్డాడు. కారు నంబరు రాసుకుని పోలీసులకు ఫోను చేశాడు. ఫోను ఎత్తినవారు ఒక పసుపుపచ్చ చీటీ మీద ఆ నంబరు రాసి పై అధికారి బల్ల మీద పెట్టారు. ఆ చీటీ దాదాపు 20 నిమిషాలు అక్కడే పడి ఉంది. ఆ 20 నిమిషాలూ ఆ కారు దీవి వైపు వెళ్తూనే ఉంది.

ఆ నివేదిక చేతికి వచ్చిన రోజు స్టోల్టెన్‌బర్గ్, దేశ భద్రతకు అంతిమ బాధ్యత నాది, ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను అన్నారు. కొద్ది రోజుల్లో పోలీసు అధిపతి పదవి వదులుకున్నారు. తర్వాతి ఏడాది ఎన్నికల్లో స్టోల్టెన్‌బర్గ్ అధికారం కోల్పోయారు. నాకు ఆయన చర్చి ప్రసంగం కన్నా ఈ మాటే పెద్దదిగా కనిపిస్తుంది. చంపినవాడి మీద కోపం పడటం సులువు. మా బల్ల మీద చీటీ పడి ఉంది, మేము చూడలేదు అని ఒప్పుకోవడం సులువు కాదు. గమనించారా, ఇక్కడ ‘మేము’ అనడమే సరైన పని. దుఃఖం దగ్గర మనం, తప్పు దగ్గర మేము. చాలామంది నాయకులు దీన్ని తిరగేస్తారు. దుఃఖంలో మేము అంటారు, తప్పు పంచేటప్పుడు ‘మనమందరం ఆత్మపరిశీలన చేసుకోవాలి’ అంటారు. ఈ ఒక్క కొలబద్ద మీ వాడి చేతికివ్వండి. జీవితాంతం ఏ దేశపు నాయకుడినైనా తూచుకోవచ్చు.

ఇక ఉన్మాది, ఉగ్రవాది ప్రశ్న. ఇది పెద్దల ప్రశ్న, 14 ఏళ్ళ పిల్లవాడు అడిగాడంటే వాడు బడిలో ఏదో మాట పడ్డాడేమోనని నా అనుమానం. మెల్లగా అడిగి తెలుసుకోండి. వాడు చెప్పిన వివక్ష నిజమే, కాదని చెప్పవద్దు. కానీ నార్వేలో ఆ ప్రశ్న కోర్టు దాకా వెళ్ళిందని కూడా చెప్పండి. మొదట పరీక్షించిన వైద్యులు హంతకుడికి మతి స్థిమితం లేదన్నారు. అలా తేలితే జైలు కాదు, చికిత్సే. ప్రాణాలతో బయటపడ్డ పిల్లలకూ, పోయిన పిల్లల కుటుంబాలకూ అది గుండెలో మంట పెట్టింది. వాడు వలస వచ్చినవాళ్ళ మీద, ముస్లింల మీద ద్వేషంతో 1500 పేజీలకు పైగా రాసి పెట్టుకుని, ఏళ్ళ తరబడి సిద్ధమై, ఆ పిల్లలు నమ్మిన రాజకీయం కోసమే వాళ్ళను ఎంచుకుని చంపాడు. దాన్ని పిచ్చి అంటే ఆ ద్వేషాన్ని కడిగేసినట్టే. కోర్టు రెండోసారి వైద్యులను వేసింది, వాళ్ళు మతి సరిగానే ఉందన్నారు. 2012 ఆగస్టు 24న కోర్టు కూడా అదే తేల్చి, 21 ఏళ్ళ నిర్బంధం విధించింది. ప్రమాదం ఉందనుకుంటే ఆ గడువును పొడిగించుకుంటూ పోవచ్చు. అక్కడ ఆ తెల్లవాడు చట్టం దృష్టిలో ఉగ్రవాదే, ఉన్మాది కాదు.

ఉటోయా నుంచి బతికి వచ్చినవాళ్ళలో కొందరు తర్వాత పెద్దయ్యాక ఒక ఫిర్యాదు చేశారు. గులాబీలు పట్టుకున్నాం కానీ, మమ్మల్ని చంపించిన ఆ ఆలోచన గురించి దేశం గట్టిగా మాట్లాడలేదు అన్నారు. నాకు వాళ్ళ మాటే న్యాయంగా తోస్తుంది. ఐక్యత పేరుతో అసలు జబ్బు పేరు ఎత్తకపోవడం కూడా తప్పించుకోవడమే. క్లింటన్ ఆ పేరు ఎత్తడానికి ప్రయత్నించారు. ప్రభుత్వం అంటే శత్రువని రేడియోల్లో రోజూ నూరిపోసే గొంతుల గురించి ఐదు రోజులకే మాట్లాడారు, మాట్లాడితే శవాల మీద రాజకీయం అని విమర్శకులు ఆయన మీద విరుచుకుపడ్డారు. మే నెలలో మిషిగన్‌లో కాలేజీ పిల్లల ముందు, ప్రభుత్వాన్ని అసహ్యించుకుంటూ దేశాన్ని ప్రేమిస్తున్నాననడంలో దేశభక్తి లేదు అన్నారు. ఆ మాట ఆ వారంలోనే అనాలా, కొంచెం ఆగాలా అన్నది వాదించదగ్గ విషయమే. మౌనంకన్నా ఆ వాదనే మేలని నేననుకుంటాను.

క్లింటన్ మీద కోపం ఉందన్నాను. ఏడాది తిరిగేసరికి, 1996 ఏప్రిల్‌లో, ఆయన ఉగ్రవాద నిరోధక చట్టం మీద సంతకం పెట్టారు. బాంబు పెట్టింది అమెరికాలో పుట్టిన అమెరికా సైనికుడు. ఆ చట్టంలో మాత్రం, ఉగ్రవాద అనుమానం ఉన్న విదేశీయులను రహస్య సాక్ష్యాలతో దేశం నుంచి పంపేయడానికి ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. దొంగ ఒకడైతే తలుపులు మూసింది ఇంకొకరికి. మొదటి రెండు రోజుల్లో ఆయన నోటితో గీయకుండా ఆపిన గీతను ఏడాది తర్వాత కలంతో గీశారు. వీసాల మీద, గ్రీన్‌కార్డుల మీద బతికే మన ఇళ్ళలో ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

మన దేశాన్ని వదిలేసి పరాయి దేశాల గురించే చెబితే మీ వాడికి న్యాయం చేసినట్టు కాదు. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీని ఆమె అంగరక్షకులే చంపారు. ఆ ఇద్దరూ సిక్కులు. తర్వాతి రోజుల్లో ఢిల్లీలోనే ప్రభుత్వ లెక్కల ప్రకారం 2733 మంది సిక్కులను చంపారు. తల్లిని పోగొట్టుకుని ప్రధాని అయిన రాజీవ్‌గాంధీ నవంబరు 19న సభలో, పెద్ద చెట్టు కూలినప్పుడు భూమి కొద్దిగా కంపిస్తుంది అన్నారు. ఆయన దుఃఖం నిజం, అందులో సందేహం లేదు. కానీ ఆ వాక్యంలో ఆ 2733 మంది ఎక్కడున్నారో చూడండి. మనుషులుగా లేరు, కంపించిన మట్టిగా ఉన్నారు. చెట్టు తనది, మట్టి ఎవరిదో. తలవంచి క్షమాపణ అడగడానికి దేశం 2005 దాకా, మన్మోహన్‌సింగ్ పార్లమెంటులో నిలబడే దాకా ఆగాల్సి వచ్చింది. 21 ఏళ్ళు. ఒక వాక్యానికి అంత బరువు ఉంటుంది.

పై నుంచి వచ్చే మాట కింద ఎక్కడిదాకా దిగుతుందో నేను ఒకసారి దగ్గరగా చూశాను. 2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం. హైదరాబాదులో లుంబినీ పార్కులోనూ కోఠీ గోకుల్ చాట్ దగ్గరా బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. అప్పట్లో మా ఇంటి పిల్లలను బడికి తీసుకెళ్ళే ఆటో ఆయన ముస్లిం. నాలుగేళ్ళుగా వస్తున్నాడు, పిల్లలకు చాచా. సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం వచ్చాడు, రోజూ లోపలికి వచ్చి పిల్లల సంచులు అందుకునేవాడు గేటు బయటే నిలబడ్డాడు. ఆటో అద్దం మీద ఎప్పుడూ 786 అని ఆకుపచ్చ స్టిక్కరు ఉండేది. అది లేదు. గోకి తీసేసిన చోట జిగురు మరక మిగిలింది, దాని మీద అప్పటికే దుమ్ము పట్టింది. నేను ఆ మరక చూశాను, నేను చూడటం ఆయన చూశాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. లోపలికి రావయ్యా, టీ తాగి వెళ్ళు అని ఒక్క మాట అని ఉండవచ్చు. అనలేదు. ఆ ఒక్క మాట నా నోట ఎందుకు రాలేదా అని ఇప్పటికీ బాధపడతాను. అదే ఏడాది మేలో మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు పాతబస్తీ కుర్రాళ్ళను పట్టుకెళ్ళి కేసులు పెట్టారు, కోర్టుల్లో అవి నిలబడలేదు, చివరికి ప్రభుత్వమే వాళ్ళకు పరిహారం ప్రకటించింది. ఆయన స్టిక్కరు ఊరికే గోకెయ్యలేదమ్మా.

మీవారికి కూడా ఒక మాట. కన్నీళ్ళు నిజమా నటనా అని తేల్చడానికి మనకు దారి లేదు. దాన్ని వదిలేయమనండి. మాట విన్న తర్వాత మీ వీధిలో ఎవరు తలుపు గడియ పెట్టుకున్నారు, ఎవరు తీసుకున్నారు అన్నది మాత్రం తెలుస్తుంది. దాడి జరిగిన నాలుగో రోజున ఓక్లహోమా ప్రార్థన సభలో క్లింటన్ ఒక ఉత్తరం చదివి వినిపించారు. 1988లో విమానం పేల్చివేతలో భర్తను పోగొట్టుకుని, ముగ్గురు పిల్లలతో మిగిలిన స్త్రీ రాసింది. మీ కోపం న్యాయమైనదే, కానీ అది మిమ్మల్ని మింగేయకుండా చూసుకోండి, బాధను ద్వేషం కానివ్వకండి, న్యాయం వెతకడంలో పెట్టండి అన్నది దాని సారాంశం. అధ్యక్షుడు తన మాట పక్కనబెట్టి, అదే మంటలో కాలిన మనిషి మాటను ముందుకు తెచ్చారు. మీ అబ్బాయి మూడు నిమిషాల్లో ఒక నిమిషం అలా ఎవరికైనా ఇచ్చేయవచ్చు.

ఇంటిపని గడువు ఇంకా ఉంటే ఒక సాయంత్రం ముగ్గురూ కలిసి ఆ స్మారకానికి వెళ్ళండి. బడివాళ్ళతో పగలు చూసింది వేరు. చీకటి పడ్డాక ఆ 168 కుర్చీల కింద గాజు పీఠాల్లో దీపాలు వెలుగుతాయి. ఒక్కో పీఠం మీద ఒక పేరు. వాటిలో 19 కుర్చీలు చిన్నవి, పిల్లల కొలతకు చేసినవి. మీ వాడిని ఒక చిన్న కుర్చీ ముందు నిలబెట్టి, ఆ పేరు పైకి చదవమనండి. తర్వాత ఇంటికొచ్చి, వాడు రాసిన వాక్యానికి ముందు ఆ పేరు రాయమనండి. వాడి వాక్యం కొట్టేయక్కరలేదు, ఉండనివ్వండి. ‘అంతం చేస్తాం’ అన్న చోట మాత్రం ‘కోర్టు ముందు నిలబెడతాం’ అని రాస్తావా అని అడగండి. మెక్‌వే కూడా కోర్టు ముందే నిలబడ్డాడు, అక్కడే అతనికి శిక్ష పడిందని గుర్తు చేయండి. ఒప్పుకోకపోతే వాదించనివ్వండి.

చివరగా ఆ తెలుగు పని మరచిపోకండి. పూర్తయిన ప్రసంగం మొదటి వాక్యాన్ని తెలుగులో చెప్పించండి. ‘మనం’ అన్నాడో ‘మేము’ అన్నాడో, ఎందుకన్నాడో నాకు ఉత్తరం రాయండి. వాడే రాస్తే ఇంకా సంతోషం.